ఖాళీ గడి

అద్దానికి ముక్కు ఆనించి ఎవరో మగమనిషి లోపలికి చూస్తున్నాడు.

లోపల నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు గాజు పెట్టెల్లో ఉన్నారు. కిటికీ పక్క పెట్టెలో ఆమె బుడ్డది.

పాలు పిండి సిస్టరు చేతికిచ్చి అప్పుడే బయటికొచ్చిందామె. గబుక్కున శాలువా సర్దుకుంది.

"ఎవరండీ మీరు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. నలిగిన చొక్కా, చంకలో లాప్‌టాప్.

"ఏం లేదమ్మా. మీ పాప ఇవాళ ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. హాయిగా ఉంది."

ఆమె అద్దానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మా పాప సంగతి మీకెందుకు?"

"రోజూ చూస్తుంటాను కదా, అందుకని..."

నసిగి, గోడ పక్క బెంచీ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. పక్కనుంచి పోతూ ఆమె ఓరగా చూసింది. తెర నిండా బాణం మొనల్లాంటి గుర్తులు. వాటి మధ్యలో, తెలుగులో, 'కిటికీ పక్క పాప'.

పరుగులాంటి నడకతో కింద తల్లుల గదికి వెళ్ళి వదినకు చెప్పింది.

"రోజూ చూస్తాడట, రోజూ!" వదిన లేచి నిలబడింది. "పాలగది పక్కనే కాపలా పెట్టాడన్నమాట. వాడి కళ్ళు కాలా!"

"పిల్లలంటే ఇష్టమేమో వదినా."

"ఇష్టమైతే పెళ్ళి చేసుకుని కనమను. నీకు నోరుంటే కదా! పద, నేనొస్తా."

కానీ పైకి వెళ్ళాక వదినకు నోరు విప్పే పనే పడలేదు. ఎన్నాళ్ళుగానో గొంతులో పేరుకున్న భయమంతా పాప తల్లి నోట్లోంచే ఒక్కసారిగా బయటపడింది.

"సిగ్గులేదా మీకు? మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

ఆయన ముఖం పాలిపోయింది. తల్లులు పోగయ్యారు. సెక్యూరిటీ మనిషి వచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు.

"నాదే పొరపాటమ్మా. ముందే మీతో చెప్పాల్సింది," అన్నాడాయన. లాప్‌టాప్ మూసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రివాళ్ళు ఆమెతో ఒక కాగితం రాయించుకున్నారు. ఆయన ఇక ఆ అంతస్తుకు రాడన్నారు.

ఆ రాత్రి ఆమెకు కాస్త నిద్ర పట్టింది.

రోజూ పొద్దున్నే తల్లుల ఫోన్లకు ఆసుపత్రి నుంచి ఒక పేజీ వస్తుంది. డాక్టర్లు చూసి వెళ్ళేదాకా ఎవరినీ లోపలికి రానివ్వరు కనక, అప్పటిదాకా ఆ పేజీయే పాప. ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇంగ్లీషు చూస్తే చెమటలు పడతాయి. ఈ పేజీ మాత్రం పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటుంది. ఒక గడిలో తూకం, ఒక గడిలో ఊపిరి. అంకె పెరిగితేనే ఆమెకు ముద్ద దిగేది. అంకె ఇంకా రాకపోతే గడిలో మాట ఉండేది: 'తూకం ఇంకా వేయలేదు. ఇప్పుడే చూశాం. బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది.'

"ఆ కంప్యూటరుకున్న బుద్ధి మనుషులకుంటేనా!" అనేది వదిన.

తర్వాత ఒక పొద్దున పేజీ వచ్చింది. పాప తూకం గడిలో అంకె లేదు. మాటా లేదు. ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలు, నల్లగా.

ఊపిరి గడిలోనూ అవే.

"వదినా, ఇదేంటి? చదువు వదినా!"

వదిన ఫోను అటూ ఇటూ తిప్పింది. ఆ అక్షరాలు తనకూ తెలియవంది.

పచ్చి ఒంటితోనే ఆమె లేచి పరుగెత్తింది. మెట్ల మీద కాలు మడతపడింది. రెయిలింగు పట్టుకుని, ఊగి, మళ్ళీ పరుగెత్తి వార్డు తలుపు మీద దబదబా బాదింది.

పెద్ద సిస్టరు బయటికొచ్చింది.

"పాప బంగారంలా ఉంది. ఏడవకు. రాత్రి డ్యూటీ పిల్ల అంకెలు ఎక్కించడం మరిచిపోయింది. అంకె లేకపోతే ఆ ప్రోగ్రాం ఆ రెండక్షరాలే పెడుతుంది. 'ఇక్కడ లెక్క లేదు' అని. అంతే."

"మరి ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఇలా రాలేదే?"

"ఇన్నాళ్ళూ లెక్కల సారు ఉన్నారు కదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు.

"పైన గణాంకాల గది ఆయనది. లెక్కలు కట్టే ప్రోగ్రాంతోనే ఆ పేజీ కూడా రాయించేవారు. గడులు, పెద్దక్షరాలు అన్నీ అదే అల్లేస్తుంది. కానీ రోజూ కిందికి దిగొచ్చి, అంకె రాని బిడ్డ ఉంటే అద్దంలోంచి కళ్ళారా చూసి, ఆ మాట తన చేత్తో రాసి, అప్పుడు పంపేవారు. ఆయన్ని ఎవరూ చేయమనలేదు. ఆ రోజు నేను సెలవులో లేకపోతే చెప్పేదాన్ని."

'ఇప్పుడే చూశాం.' ఇన్నాళ్ళూ కంప్యూటరు చూసిందనుకుందామె. తలెత్తలేకపోయింది.

"సిస్టరమ్మా, నేనే వెళ్ళి చెప్తాను. తప్పు నాదేనని అందరి ముందూ చెప్తాను."

"ఎవరికి చెప్తావు తల్లీ? నిన్ననే ఉద్యోగం మానేసి, కొడుకుని తీసుకుని వెళ్ళిపోయారు."

"ఆయనకు కొడుకున్నాడా?"

"ఇదే వార్డులో, ఇదే కిటికీ పక్కన పెరిగాడు."

సిస్టరు చూపు ఆమె పాదాల మీద ఆగింది. వంగి, తన చెప్పులు విప్పి ఆమె ముందు పెట్టింది.

"వేసుకో. ఈ పేజీ మొదలుపెట్టిన కొత్తలో, ఆ రెండక్షరాలే చూసి, ఇలాగే ఒట్టి కాళ్ళతో పరుగెత్తుకొస్తూ ఈ మెట్ల మీద పడి, మళ్ళీ లేవని బాలింత ఆయన భార్యేనమ్మా."