పొదుగు పెట్టెలో తల్లి గొంతు

ఇంటింటికీ పొదుగు పెట్టెలు వచ్చాక కోళ్లు గుడ్ల మీద కూర్చోవడమే మానేశాయి. గుడ్లకి తల్లి గొంతు వినపడాలి కదా, అందుకని ఇంట్లో ఎక్కువగా మోగే గొంతునే పెట్టె పట్టుకుని ఇరవై ఒక్క రోజులూ లోపల వినిపించేది. పేర్రాజు తెలియక దాన్ని వంటింట్లో పెట్టాడు. అక్కడ మోగేదల్లా భార్య భూలక్ష్మి అతన్ని తిట్టే గొంతే.

ఇప్పుడు పన్నెండు కోడిపిల్లలూ ఎంత పిలిచినా కదలవు. పేర్రాజుకి తిట్లు పడితే మాత్రం పరుగెత్తుకొచ్చి ఆవిడ కుచ్చిళ్ల కింద దూరతాయి.

ఆవేళ డాబా మీద పిల్లలు తిరుగుతుంటే పైన గద్ద కనిపించింది.

"తొందరగా నన్ను తిట్టవే," అన్నాడు పేర్రాజు.

"ఏమని తిట్టనండీ? పొద్దున్నే మల్లెపూలు తెచ్చి పెట్టారు," అంది భూలక్ష్మి. అయినా మొహమాటంగా, "మీరు ఉత్త దద్దమ్మ," అని నవ్వేసింది. ఒక్క పిల్లా తలెత్తలేదు. గద్ద ఇంకాస్త కిందికి దిగింది.

పేర్రాజు బిందెడు నీళ్లు తెచ్చి, పిట్టగోడ మీద ఆవిడ రెండు రోజులుగా ఎండబెడుతున్న వడియాల మీద గుమ్మరించాడు.

గద్ద వెళ్లిపోయి గంటైనా భూలక్ష్మి ఆగలేదు. కుచ్చిళ్ల కింద పిల్లలు హాయిగా నిద్రపోయాయి.