పగడాల జప్తు

తలుపు చప్పుడైంది. రామచంద్రం సార్ ఇస్త్రీ చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ వచ్చి తీశారు. గుమ్మంలో ఖాకీ బట్టల అమ్మాయి.

"అటవీ శాఖ నుంచి వచ్చిన సార్. నా పేరు వందన. మీ ఇంట్ల సముద్రపు పగడాలున్నయని ఎవరో ఫోన్ చేసి చెప్పిన్రు. అవి ఇంట్ల పెట్టుకునుడు నేరం."

"లోపలికి రా బిడ్డా. చాయ్ తాగి మాట్లాడుకుందాం."

"చాయ్ వద్దు సార్. జప్తు చేసుకొని పోవాలె."

అయినా చాయ్ వచ్చింది.

హుజూరాబాద్‌లో ఆ ఇంటి గడప మనిషన్నవాడు తొక్కి ఎన్నాళ్లయిందో! భార్య పోయింది. పిల్లాజెల్లా లేరు. ఉన్నవల్లా అలమారాలోని ఆ తెల్లటి పగడాలే. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఏటా విద్యార్థులను రామేశ్వరం దగ్గరి మండపం తీసుకెళ్లి పోగుచేసినవి. కాలేజీ మ్యూజియం మూసేసి పారబోస్తుంటే ప్రాణం ఒప్పక ఇంటికి మోసుకొచ్చుకున్నారు. ఇవీ పోతే ఇక గోడలతో మాట్లాడుకోవాల్సిందే.

వందన ఒక్కొక్కటే అట్టపెట్టెలో సర్దుతోంది. ఆయన ప్రతిదానికీ ఒక కథ ఎత్తుకున్నారు.

"గిది మెదడు పగడం. సముద్రం వెనుకకు పోయినప్పుడు మోకాలు లోతు నీళ్లల్ల దిగి, ఉలితోటి కొట్టి తీసినం. మీదున్న జీవులు కుళ్లి రాలేదాక ఎండబెట్టాలె. మా పోరగాండ్లు ఆగితే గద! పచ్చివే మూటగట్టిన్రు. రైలంత కంపు! మా బోగీల ఒక్కడు కూసుంటే ఒట్టు!"

వందన పకపకా నవ్వింది. "నేను సముద్రమే చూడలే సార్. మాది చెన్నూరు. గోదారి తప్ప ఏం తెల్వది."

"అట్లనా! అయితే మొదటి సంది చెప్త, కూసో."

ఆమె కూర్చుంది. ఆయన నోటికి ఇక అడ్డూ అదుపూ లేదు. "అప్పుడు తెచ్చుడే చదువు బిడ్డా, గిప్పుడు నేరమైంది" అంటూ సముద్రమంతా ఆ గదిలోకి తోడిపోశారు.

పొద్దు వాలింది. అలమారా ఖాళీ. అట్టపెట్టె జీపెక్కింది.

"మీరే అప్పజెప్పిన్రని రాస్త సార్, ఫికర్ చెయ్యకుండ్రి. అయినా మీ మీద ఎవరికి గింత కడుపుమంట? ఇంకేమన్న మిగిలినయా?"

"ఒక్క ముక్క లేదు బిడ్డా. మళ్ల వస్తవా?"

"ఇగ నాకేం పనుంటది సార్?" అని నవ్వి వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. దుఃఖం ఆగలేదు. ఆ పూట అన్నం కూడా వండుకోలేదు.

తెల్లారి ఆఫీసు తెరిచే వేళకు, మొన్నటిలాగే ముక్కు పట్టుకుని, గొంతు మార్చి ఫోన్ చేశారు: "రామచంద్రం సారింట్ల బియ్యం డబ్బాల ఇంకో పగడమున్నది, గా మేడమ్‌నే పంపుండ్రి."