నాయన రంపె

చనిపోయిన నాయన పనిముట్లకు కిరసనాయిలు పూసి జోయల్ తుప్పు రుద్దుతున్నాడు. తోలు కోసే రంపె, చెప్పులు కుట్టే ఆరె. తిరుపతి బస్టాండు పక్కన కూర్చుని నాయన వాటితోనే ఇద్దరు పిల్లల్నీ చదివించాడు.

"ఏందన్నా, పోలండు పొయ్యి వీటిని కంప్యూటర్ పక్కన పెట్టుకోని ప్రార్థన చేస్తావా?" చెల్లెలు నిస్సీ నవ్వింది.

జోయల్ రంపె తిప్పి రెండోవైపు రుద్దసాగాడు.

"పారెయ్యి వాటిని. ముట్టుకుంటే చేతులిరగ్గొడతానని నాయన పెట్టెకి తాళమేసి పెట్టినాడు కదా!"

నిజమే. జోయల్ జన్మలో ఒక్క తోలుముక్క కోయలేదు. చదువుకుంటే కులం పోతుందని సభల్లో చెప్పిన పెద్దమనుషులు లేరూ, వాళ్లలో ఒక్కరైనా ఈ బీటెక్ పట్టాకు ఆరేళ్లుగా ఉద్యోగమిచ్చారా?

"రేపు మద్రాసులో వీసాకి పని పరీక్షుండాది మే."

"దానికి ల్యాప్‌టాప్ ఎత్తుకోని పో. ఈ తుప్పు యాడికి?"

జోయల్ చెయ్యి తుడుచుకుని, పోలండు పంపే ఏజెంటుకు నింపిచ్చిన దరఖాస్తు నకలు ఆమె ముందు పెట్టాడు.

పని: చెప్పుల తయారీ. చదువు: అవసరం లేదు.

అనుభవం అన్నచోట జోయల్ తన చేత్తోనే రాశాడు: పుట్టినప్పటి నుంచీ.