పోలిక మట్టి

"బాబాయ్, డబ్బాలు తారుమారయ్యాయేమో కాస్త గుర్తు చేసుకోండి," అంది ఫోన్‌లో ల్యాబ్ అమ్మాయి.

"అవవు తల్లీ. చీటీలు నా చేత్తోనే అంటించాను."

"మరి పోలిక మట్టిలో ఇంత సీసమేంటి? మూతపడ్డ బ్యాటరీ ఫ్యాక్టరీ మట్టిలో ఉందంటే అర్థముంది."

సైట్లలో మట్టి తీసి ల్యాబ్‌కి పంపడం అతని పని. అనుమానమున్న స్థలం మట్టితో పాటు ఏ పాపమూ ఎరగని చోటి మట్టి కూడా ఒక డబ్బాలో పంపాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అదే పోలిక మట్టి. ఈసారి దాన్ని తన పెరట్లోంచే తీశాడు. అంతకంటే శుభ్రమైన మట్టి అతనికి తెలియదు మరి.

"పొరపాటున మారాయని ఒక్క ముక్క అనేయండి బాబాయ్, గొడవ వదిలిపోతుంది. లేకపోతే మిమ్మల్ని ఇక సైటుకి పంపనంటున్నారు పెద్దసారు."

"చెయ్యని పొరపాటు ఎలా ఒప్పుకోనమ్మా? మళ్లీ తీసి పంపుతాను. అప్పుడూ ఇలాగే వస్తే మీ ఇష్టం."

ల్యాబ్‌లో అందరూ అతన్ని గ్లౌజుల బాబాయ్ అంటారు. గుంట గుంటకీ కొత్త గ్లౌజులు, పారకి తలంటు. ఒక చోటి మట్టి ఇంకో చోటికి పోకూడదన్నది అతని చాదస్తం. మూతపడ్డ ఫ్యాక్టరీలూ చెత్త దిబ్బలూ తొక్కుతూనే ఉద్యోగమంతా గడిచిపోయింది. ఆ తొక్కుడు కూడా లేకపోతే ఇక మిగిలేది ఖాళీ ఇల్లే. నిరుడు భార్య కిడ్నీలు పాడై చనిపోయింది. ఎందుకు పాడయ్యాయో ఏ డాక్టరూ తేల్చలేదు.

ఇంటికొచ్చి గడప దగ్గర ఆగాడు. "ఆ బూట్లతో లోపలికి అడుగు పెట్టారంటే చూడండి!" అన్న కేక వినపడలేదు. ఆవిడ పోయినా ఆ కేక కోసం ఆగడం మాత్రం పోలేదు. చుట్టూ తిరిగి పెరటి కుళాయి దగ్గరికెళ్లి, బూట్లు కడిగి గోడకి ఆనించాడు.

అక్కడే ఆవిడ ఆకుకూర మడి. ఆవిడ ప్రాణమంతా దాని మీదే ఉండేది.

"నా మడికి నేను నీళ్లు కూడా పొయ్యక్కర్లేదు. దాని తిండి అదే చూసుకుంటుంది. మీకంటే నయం!" అని దెప్పేది.

అతను ఆకుకూర ముట్టడు. మేకల మేత అని వెక్కిరించేవాడు. "సరే, మీ వాటా కూడా నేనే తింటాను," అని ఆవిడ రెండు పూటలా తినేది.

కొత్త గ్లౌజులు తొడుక్కుని, మడి మధ్యలో జాగ్రత్తగా తవ్వి మట్టి తీశాడు. మొక్కలు పాడుచేస్తున్నానని ఆవిడ ఎంత గోల చేసేదో అనుకున్నాడు. ఇప్పుడొచ్చి తిట్టినా బాగుండుననిపించి కళ్లు చెమర్చాయి.

మళ్లీ ఫోన్ వచ్చేసరికి అతను సైటు నుంచి వచ్చి అదే కుళాయి దగ్గర వంగి ఉన్నాడు. తడి చేత్తోనే ఎత్తాడు.

"బాబాయ్, మళ్లీ అదే! పోయినసారి కంటే ఎక్కువే ఉంది. అసలిది ఎక్కడి మట్టి?"

"మా పెరటిదమ్మా."

"దగ్గర్లో ఫ్యాక్టరీ గానీ గ్యారేజీ గానీ ఉందా?"

"ఏవీ లేవు. వీధంతా ఇళ్లే."

"పోనీలెండి, డబ్బాలైతే మారలేదు. తప్పు మీది కాదని సారుకి చెప్పేస్తాను. మీ సైటు పనికేం ఢోకా లేదు."

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"అన్నట్టు, ఆ మట్టిలో పండినవి ఎవరూ తినట్లేదు కదా?"

"ఇప్పుడెవరూ తినట్లేదు. మా ఆవిడ ఉన్నప్పుడు..."

అవతల "బాబాయ్, బాబాయ్" అని అమ్మాయి పిలుస్తూనే ఉంది. కుళాయి కట్టబోయిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నల్లటి నీళ్లు గచ్చు మీంచి జారి, అలవాటైన దారినే పోతున్నాయి.

ఇన్నేళ్లూ ఆ మడి తాగింది అతని బూట్లు కడిగిన నీళ్లే.