కోట తలుపు తీసిందెవరు?

"నాన్నా, కోట తలుపు తీసిన ద్రోహి దొరికిపోయింది!" ఫోన్‌లోంచి తలెత్తి అంది కూతురు.

చొక్కా ఇస్త్రీ చేస్తున్న తండ్రి చేయి ఆగింది. ఆ వీడియో గేమ్‌లో తండ్రీకూతుళ్ళిద్దరిదీ ఒకటే పక్షం. మొన్న శత్రువులు సేనాపతి పదవి ఆశ చూపిస్తే, గుట్టుచప్పుడు కాకుండా వాళ్ళకు తలుపు తీసింది ఆయనే. ఆటే కదా, ఇదీ ఒక ఎత్తే అనుకున్నాడు.

"ఎవరట?"

"మా క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి. మన పక్షంలోంచి గెంటేశాం. స్కూల్లో కూడా ఎవరూ దాంతో మాట్లాడట్లేదు. నేను కాదు మొర్రో అని ఒకటే ఏడుపు."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"ఆ పిల్ల కాదమ్మా. తీసింది నేను."

కూతురు నవ్వబోయింది. తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

"అందరూ 'మీ నాన్నే తీసుంటాడు' అన్నారు," అంది. "మా నాన్న అలాంటివాడు కాదని పోట్లాడాను. మరింకెవరని నిలదీస్తే, ఆ అమ్మాయి పేరు నేనే చెప్పాను."

తండ్రి ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపేశాడు.

"వాళ్ళిల్లెక్కడో తెలుసా?"

కూతురు వెళ్ళి చెప్పులు వేసుకుంది.