అట్టముక్క మీద మరక

“ఒక్క చుక్క ఆయిలు కారినా, ఈ సీజన్లో నా టమాటా నీ లారీ ఎక్కదు మునిచంద్రా!” ఫోన్లో తెగేసి చెప్పాడు దొరస్వామి. “మొన్న వి.కోట మలుపులో ఆయిలంతా కారిపోయి స్టీరింగు తిరక్క చేన్లోకి దించినావు. మనిషి పోయుంటే ఎవురప్పా జవాబు చెప్పేది? పొద్దున మదనపల్లె మార్కెట్టుకు పోతా పుంగనూర్లో నీ ఇంటికాడ ఆగుతా. నా కండ్లతో నేనే సూస్తా.”

దొరస్వామి కుప్పం వ్యాపారి. ఆయన లోడు తప్పిపోతే మునిచంద్ర లారీ అమ్ముకోవాల్సిందే. అంత పాత బండిని ఇంకెవరు పిలుస్తారు గనక!

సాయంత్రమంతా మెకానిక్ అంజనప్ప లారీ కిందే ఉన్నాడు. స్టీరింగు బాక్సు విప్పి, ఆయిలు కారకుండా ఆపే సీళ్లు అరిగిపోయి ఉంటే పీకి కొత్తవి వేశాడు. మునిచంద్ర ఊరికే ఉంటాడా? టార్చి పట్టుకుని, “సరిగ్గా కూసుందా అన్నా? ఇంకోసారి సూడన్నా” అని ప్రాణం తోడేశాడు.

“బండికి ఏమైందప్పా?” వాకిట్లోంచి అడిగింది తల్లి చెంగమ్మ.

“స్టీరింగు తిరగలామ్మా. నీకు తెలీదులే, లోపలికి పో!” కసిరాడు మునిచంద్ర.

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అంజనప్ప బాక్సును పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దాని కింద నేల మీద ఒక తెల్ల అట్టముక్క పరిచాడు. “తెల్లారేదాకా బండి కదిలించొద్దు. కారితే దీనిమీద మరక పడతాది. పడకపోతే నువ్వు గెలిచినట్టే” అన్నాడు.

ఆ రాత్రి మునిచంద్ర మెతుకు ముట్టలేదు.

పొద్దున్నే దొరస్వామి కారు వచ్చి ఆగింది. అంజనప్ప కూడా వచ్చాడు. ముగ్గురూ వంగి లారీ కిందకి చూశారు. అట్టముక్క మీద అరచెయ్యంత మరక! బాక్సు అంచున ఇంకో చుక్క వేలాడుతోంది.

మునిచంద్ర దొరస్వామికి అడ్డంగా వచ్చాడు. “నిన్న సుబ్బరంగా ఉండె సార్! నా బిడ్డ మీద ఒట్టు!”

“ఒట్లతో స్టీరింగు తిరగదప్పా” అన్నాడు దొరస్వామి. అక్కడే నిలబడి శాంతిపురానికి ఫోన్ చేశాడు. “రామప్పా, నీ లారీ మదనపల్లెకు తోలుకోని రా. ఈ సీజనంతా నీదే.”

మునిచంద్ర చేతులు జోడించినా ఆగలేదు. కారు వెళ్లిపోయింది.

అంజనప్పకు మతి పోయింది. స్టీరింగు ఆయిలు ట్యాంకు మూత తీసి చూశాడు. “అరె, ఆయిలు గీత కాడికే ఉండాదే! రవ్వంత కూడా తగ్గలా. మరి ఇదెట్ల కారిందప్పా?”

మునిచంద్రకు ఆ మాట వినిపించనే లేదు. చక్రానికి ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

చెంగమ్మ పరుగున వచ్చి, కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

“ఏడవబాకరా నాయనా. బండి తిరగలా అంటివే, నాకూ రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఈ అంజనప్ప సూస్తే అంతా తుడిసి ఎండబెట్టి పాయె. అందుకే మీ నాయన ఎద్దులబండి ఇరుసుకు పోసినట్టు, తెల్లారుజామున లేసి నేనే దానికి సీసాడు ఆముదం పోసినా. ఇంక సూడు, ఎట్ల తిరగతాదో!”