అవతలివైపు మడిచిన ఆకు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. నంద్యాలలో జరిగిన ముచ్చట ఇది, అరిచి చెప్పేది కాదు.

శరత్ అక్కడ కొత్త హోటలు పెట్టాడు. తెరిచే రోజు దగ్గరపడింది. ఈలోపల అందరూ ఫోన్లలో చూసేలా ఒక ప్రకటన తీయాలి. అది బాగా వస్తేనే జనం వస్తారు, జనం వస్తేనే హోటలు నిలుస్తుంది.

బోర్డు అప్పటికే ఎక్కింది. "కీర్తిశేషులు ఆళ్లగడ్డ రామలక్ష్మమ్మ గారి చేతి సంగటి" అని ఇంతింత అక్షరాలు.

ఆ పేరు పెట్టించింది శరత్ నాయన సీతారాం. ఆళ్లగడ్డలో చదువుకున్నన్నాళ్లూ ఆమె పెట్టిన సంగటి తినే పెరిగాడాయన. తర్వాత ఆమె ఆత్మకూరు వెళ్లిపోయిందనీ, అక్కడే కాలం చేసిందనీ ఎవరో అంటే నమ్మారు. పోయి కనుక్కున్నవాళ్లు లేరు.

ప్రకటన తీయడానికి హైదరాబాదు నుంచి భానుప్రియ వచ్చింది. వంటను కెమెరాకు ముస్తాబు చేయడమే ఆమె పని.

నిజం సంగటి దీపాల వేడికి పగులుతుందని, బంకమన్ను ముద్ద చేసి అరిటాకులో పెట్టి, పైన రాగిపిండి అద్దింది. నెయ్యి ఇంకిపోతుందని ఇంజన్ ఆయిల్ పోసింది. పెరుగు నీళ్లొదులుతుందని వడ్రంగులు వాడే తెల్ల జిగురు పెట్టింది. తడిపి కాచిన దూదిని ముద్ద వెనక దాస్తే ఆవిరి కూడా లేచింది. చూస్తే మీకైనా నోరూరేది.

కెమెరా మొదలైంది. అంతలో ఎవరో ముసలామె నేరుగా వచ్చి ఆకు ముందు కూర్చుంది.

"లెయ్ అవ్వా, అది తినేది కాదు" అన్నాడు శరత్.

"తినేది కానిది ఆకులో ఎందుకు పెట్టినావప్పా?"

"చూపిచ్చేదానికి."

ముసలామె చేతి వెనకవైపు ముద్దకు ఆనించి చూసింది. తర్వాత రెండు వేళ్లతో తుంచింది.

మన్ను.

ఎవరి చేతి వంట ఇది అని అడిగింది. భానుప్రియ బోర్డు చదివి వినిపించింది. కీర్తిశేషులంటే ఏందని ముసలామె అడిగితే, చనిపోయారని అర్థం చెప్పింది.

"సచ్చినామె పేరు చెప్పి బతికినోళ్లకు మన్ను పెడతాండారా?"

శరత్‌కు ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని లేపబోయాడు.

"చెయ్యి తియ్. ఆకు ముందర కూసున్న మనిషిని లేపుతారా యాడన్నా? నేనే లేస్తా."

లేచే ముందు ఆకు మడిచింది. పెళ్లిలోనైతే తిన్నాక మనవైపు మడుస్తాం. దినాల భోజనంలో అవతలివైపు మడుస్తాం. ఆమె అవతలివైపు మడిచింది.

శరత్ ముఖం నల్లబడింది.

"కొత్త హోటల్లో ఆకు అట్ల మడుస్తావా? ఇదేమన్నా దినమా?"

"దినమే కదప్పా. బోర్డు మీద మీరే రాసుకున్నారు."

వేళ్లకంటిన మన్ను ఆ ఆకుకే తుడిచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం శరత్ జరిగిందంతా నాయనకు చెప్పి తిట్టుకున్నాడు. కెమెరా ఆగకుండా అంతా పట్టింది కాబట్టి చూపించాడు కూడా. ముసలామె చేతి వెనకవైపు ముద్దకు ఆనించిన చోట సీతారాం ఆపమన్నాడు. మళ్లీ పెట్టించుకుని చూశాడు. వడ్డించే ముందు ప్రతి ముద్ద వేడినీ అట్లా చూసే చేయి ఆయనకు బాగా తెలుసు.

"బండి తియ్" అన్నాడు, అంతే.

బస్టాండు చేరేసరికి ఆత్మకూరు బస్సు వెళ్లిపోయింది.

తెల్లారి సీతారాం తానే నిచ్చెనెక్కి, బోర్డు మీద మొదటి మాట గీకేశాడు. ప్రకటన నిజం సంగటితో, పగిలితే పగిలినట్టే తీయమన్నాడు.

ఇది మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి; చెప్పేటప్పుడు మాత్రం రామలక్ష్మమ్మ పేరు ముందు కీర్తిశేషులు అనకండి, ఆ రోజు తన దినం ఆకును తన చేత్తోనే మడిచి వెళ్లింది ఆమె.